పూనకంలో ఓదార్పును చూసిన మనిషి: వెరియర్ ఎల్విన్

ఆగస్టు 29 అనగానే తెలుగువారికి గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తుకు వస్తారు. 1863లో ఆ తేదీన శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో ఆయన జన్మించారు. సవరల భాష నేర్చుకోవడానికి కొండలెక్కి మన్యం జ్వరం తెచ్చుకున్నారు. ఆ జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. అయినా పట్టు వదలక సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేసి పెట్టారు. సరిగ్గా అదే తేదీన, 39 సంవత్సరాల తరువాత, 1902లో ఇంగ్లండులోని డోవర్ పట్టణంలో ఇంకొకరు పుట్టారు. కాలక్రమంలో ఆయన కూడా ఆ సవర కొండలే ఎక్కారు. ఆయన పేరు వెరియర్ ఎల్విన్. గిరిజనుల మీద పెద్ద గ్రంథాలు రాసిన పండితునిగా ఆయన మనకు తెలుసు. దుఃఖంలో ఉన్న మనిషిని మళ్లీ నిలబెట్టే ఒక పద్ధతిని ఆయన మన పొరుగు కొండల్లో చూసి, ఓపికగా నమోదు చేశారన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఈ ప్రత్యేక సంచికలో ఆ సంగతి చెప్పుకోవడం మన వయసు వారికి ఉపయోగమని నా నమ్మకం.

ఎల్విన్ తండ్రి ఆఫ్రికాలోని సియెరా లియోన్‌లో బిషప్. 1909లో ఆయన మరణించేనాటికి వెరియర్ వయసు ఏడేళ్లు. ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కళాశాలలో ఇంగ్లీషు సాహిత్యంలోను, క్రైస్తవ మత శాస్త్రంలోను ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడై, మతాచార్యుడై, 1927లో పూనాలోని క్రిస్త సేవా సంఘంలో చేరడానికి మన దేశం వచ్చారు. వచ్చిన కొద్దికాలానికే సబర్మతి ఆశ్రమం దర్శించి గాంధీజీకి దగ్గరయ్యారు. తెల్లవాడై ఉండి కాంగ్రెసు పక్షాన మాట్లాడటం ప్రభుత్వానికి నచ్చలేదు. తను ఇష్టపడిన దేశం ఒక పక్క, పుట్టిన దేశపు ప్రభుత్వం మరో పక్క నిలిచాయి.

1932లో ఆయన మిత్రుడు శామ్‌రావ్ హివాలేతో కలిసి మధ్యపరగణాలలోని కరంజియా అనే గోండు గ్రామంలో కాపురం పెట్టారు. బడి, మందుల గది, కుష్ఠు రోగులకు ఆశ్రమం ఏర్పాటు చేశారు. గిరిజనులను మతం మార్చే పని తనది కాదని తేల్చుకున్నందువల్ల పై అధికారులతో పొసగక, 1935లో చర్చిని వదిలారు. అప్పటిదాకా ఆయన జీవితానికి ఆధారం మతమే. ముప్పై మూడేళ్ల వయసులో ఆ ఆధారం పోయింది.

1940లో ఆయన ఒక గోండు యువతిని వివాహం చేసుకున్నారు. 1949లో ఆ వివాహం విడాకులతో ముగిసింది. ఆత్మకథలో ఆ భాగాన్ని బాధతోను, ఓడిపోయానన్న భావంతోను రెండు ముక్కల్లో దాటివేశారు. ఆ వ్యవహారంలో ఆయన తప్పు లేదని ఆయనను అభిమానించేవారు సైతం అనలేరు. తరువాత పటన్‌గఢ్‌కు చెందిన మరొక గిరిజన యువతిని పెళ్లి చేసుకున్నారు. ఆ కాపురం చివరిదాకా నిలిచింది. మహనీయుల జీవితాలు రాసేటప్పుడు ఇటువంటివి దాచడం మన అలవాటు. దాచితే ఆయన దెబ్బతిన్న మనిషి అన్న సంగతి మరుగున పడుతుంది. ఇతరుల దుఃఖం ఎదుట ఆయన అంత ఓపికగా కూర్చోగలగడానికి అది కూడా ఒక కారణం కావచ్చు.

1940ల్లో ఎల్విన్ ఒరిస్సా కొండల్లో విస్తృతంగా తిరిగారు. అరకు, ముంచింగిపుట్టు దాటి మాచ్‌ఖండ్ నది అవతల ఉండే బోండాల మీద 1950లో ఒక గ్రంథం వెలువరించారు. క్షణికమైన కోపంలో సొంతవారినే చంపి, తరువాత కుమిలిపోయే బోండా మగవారి గురించి అందులో వివరంగా రాశారు. అక్కడికి ఈశాన్యంగా ఉన్న గంజాం, కోరాపుట్ జిల్లాల సవర గ్రామాలలో మాత్రం ఆయన ఇంకొకటి చూశారు. ఆ సవరలకు, మన సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీల సవరలకు భాష ఒకటే. సవరల మతం గురించి ఆయన రాసిన బృహద్గ్రంథం 1955లో వెలువడింది.

ఆ గ్రంథంలో ప్రధాన పాత్ర పూనకం వచ్చి పలికే మనిషిది. మగవారూ ఉంటారు, ఆడవారూ ఉంటారు. ఇంట్లో ఎవరైనా చనిపోయినా, జబ్బుపడినా ఆమెను పిలుస్తారు. ఆమె దీపం వెలిగించుకుని నేల మీద కూర్చుని, చేటలో బియ్యం తిప్పుతూ ఆత్మలను పిలుస్తుంది. కొంతసేపటికి తల వాలిపోతుంది, కాళ్లూ చేతులూ బిగుసుకుంటాయి. పక్కన ఉన్నవారు ఆ బిగువు సడలిస్తారు. అప్పుడు ఆమె నోట చనిపోయినవారు మాట్లాడతారు. ఇంటివారు చుట్టూ చేరి వారితో మాటలు కలుపుతారు. నన్నెందుకు వదిలి వెళ్లావని ఏడుస్తారు, అప్పుల సంగతి అడుగుతారు, పోట్లాడతారు, క్షమించమంటారు. చనిపోయినవారూ నిష్ఠూరాలాడతారు, సారా అడుగుతారు, చివరికి శాంతిస్తారు.

ఇది ఒక్క రోజుతో అయిపోయే తంతు కాదు. చనిపోయినవారి పేరున రాయి నిలబెట్టి దున్నను బలి ఇస్తారు. కొన్నేళ్ల పాటు మళ్లీ మళ్లీ కర్మలు చేస్తారు. ఇంటి గోడ మీద వారి కోసం బొమ్మలు వేస్తారు. ఈనాడు హస్తకళల ప్రదర్శనలలో మనం కొనుక్కునే సవర బొమ్మలకు మూలం ఆ గోడలే.

ఆ రోజుల్లో చదువుకున్నవారు దీన్ని మూఢనమ్మకమని కొట్టివేసేవారు. ఏజెన్సీలో ఉద్యోగం చేసిన మనలో ఎంతమంది దిసారిని, గురువును చూసి నవ్వుకోలేదు? ఎల్విన్ నవ్వలేదు. అలాగని కళ్లు మూసుకుని పొగడనూ లేదు. దున్నల బలులకు ఎంత ఖర్చవుతుందో, ఆ కుటుంబాలు ఎలా చితికిపోతాయో కూడా రాశారు. జ్వరానికి మందు ఇవ్వడం ఆయన ఏనాడూ మానలేదు.

ఎల్విన్ తరువాత 1975 నుంచి సవరల మధ్య నివసించిన పియర్స్ విటెబ్స్కీ అనే ఇంగ్లీషు పండితుడు ఈ విషయాన్ని ఇంకా లోతుగా పరిశీలించి 1993లో గ్రంథం ప్రచురించారు. మొదట్లో చనిపోయినవారి మాటల్లో బాధ, కోపం ఎక్కువగా ఉంటాయని, ఏళ్లు గడిచేకొద్దీ అవి మెత్తబడి, చివరికి వారు తమ పేరును ఆ ఇంటి పసిబిడ్డకు ఇస్తారని ఆయన వివరించారు. నిజానికి మెత్తబడుతున్నది బతికి ఉన్నవారి మనసు. ఊరంతా వినగా దుఃఖాన్ని బయటికి చెప్పుకునే చోటు అక్కడ ఉంది.

ఇక్కడ హిప్నోథెరపీ గురించి రెండు మాటలు చెప్పాలి. జేమ్స్ బ్రెయిడ్ అనే స్కాట్లండు వైద్యుడు 1843లో ప్రచురించిన పుస్తకంతో హిప్నాటిజం అనే మాటకు వైద్యంలో చోటు దొరికింది. 1845లో బెంగాల్‌లోని హుగ్లీలో డాక్టర్ జేమ్స్ ఎస్డెయిల్ ఇటువంటి నిద్రలో ఉంచి రోగులకు శస్త్రచికిత్సలు చేశారు. ఎల్విన్ సవర గ్రంథం వచ్చిన 1955లోనే బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ హిప్నాటిజంను కొన్ని మానసిక బాధలకు, నొప్పి ఉపశమనానికి పనికివచ్చే చికిత్సగా అంగీకరించింది. తెలుగువారికి దీన్ని వేదికల మీదా, పత్రికలలోనూ పరిచయం చేసినవారు 2025లో కన్నుమూసిన డాక్టర్ బి.వి. పట్టాభిరామ్‌గారు.

హిప్నోథెరపీలో మనిషి స్పృహ తప్పడు. కళ్లు మూసుకుని, ఊపిరి నెమ్మదించి, ఒక్క గొంతు మీదనే మనసు నిలుపుతాడు. ఆ స్థితిలో చికిత్సకుడు చెప్పే మంచి మాట లోపలికి దిగుతుంది. కొందరు చికిత్సకులు పోయినవారిని ఎదుట ఊహించుకుని, చెప్పలేకపోయిన మాట చెప్పుకోమంటారు. సవర పూనకానికీ దీనికీ తేడా లేకపోలేదు. అక్కడ కళ్లు మూసుకునేది పలికే ఆమె, దుఃఖంలో ఉన్నవారు కాదు. ఇక్కడ బాధపడేవాడే కళ్లు మూసుకుంటాడు. కానీ పని ఒకటే. రెండూ దుఃఖాన్ని తుడిచివేయవు, దానితో బతకగలిగే బలాన్ని కొద్దికొద్దిగా పెంచుతాయి.

హద్దులు కూడా తెలుసుకోవాలి. పాత జ్ఞాపకాలు తవ్వి తీయడానికి హిప్నాటిజం నమ్మదగిన సాధనం కాదు. జరగనిది జరిగినట్టు తోచే ప్రమాదం ఉంది. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవారికి మంచిది కాదు. రక్తపోటుకు, మధుమేహానికి మాత్రలు మానమని చెప్పేవారి దగ్గరికి పోకూడదు. అర్హత ఉన్న మానసిక వైద్యుని సలహాతోనే ఇటువంటి చికిత్స తీసుకోవాలి.

ఎల్విన్ జీవితంలో మన అరకుకు నేరుగా సంబంధించిన ఘట్టం ఒకటి ఉంది. 1954లో ఆయన భారత పౌరుడై, ఈశాన్య సరిహద్దు ప్రాంతానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా షిల్లాంగ్‌లో స్థిరపడ్డారు. రెండవ పంచవర్ష ప్రణాళికలో దేశమంతటా 43 ప్రత్యేక బహుళార్థ గిరిజన బ్లాకులు ఏర్పడ్డాయి. మన రాష్ట్రంలో వాటిలో అరకు, పాడేరు ఉన్నాయి. ఒక్కో బ్లాకుకు ఐదేళ్లకు 27 లక్షల రూపాయలు కేటాయించారు. వాటి పనితీరు పరిశీలించిన సంఘానికి ఎల్విన్ అధ్యక్షుడు. 1960లో సమర్పించిన నివేదికలో ఆయన భవనాలు, పథకాలు ఎక్కువై, మనుషులను అర్థం చేసుకోవడం తక్కువైందని తేల్చారు. కొండల్లో పనిచేసే ఉద్యోగి అక్కడి భాష నేర్చుకోవాలని, వారి ఆచారాలను చులకన చేయరాదని కోరారు. బదిలీ కోసం ఎదురుచూస్తూ ఏజెన్సీలో రోజులు లెక్కపెట్టిన మనకు ఆ మాట ఈనాటికీ గుచ్చుకుంటుంది.

1961లో ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్‌తో గౌరవించింది. 1964 ఫిబ్రవరి 22న ఢిల్లీలో గుండెపోటుతో మరణించారు. అదే ఏడు వెలువడిన ఆత్మకథకు 1965లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. గిరిజనులను మ్యూజియంలో బొమ్మల్లా దాచిపెట్టాలంటాడని ఆయనను విమర్శించినవారు ఉన్నారు. ఆ చర్చ నేటికీ ముగియలేదు.

సవర కొండలూ మారాయి. చాలా ఊళ్లలో కొత్త తరం క్రైస్తవంలోకి, మరికొందరు ఇతర హిందూ మార్గాలలోకి వెళ్లారు. పూనకపు సంభాషణలు చాలాచోట్ల ఆగిపోయాయి. బలులు తగ్గి అప్పులు తగ్గడం మేలే. కానీ పోయినవారితో మాట్లాడుకునే చోటు కూడా పోయింది.

మన పట్టణాలలో ఆ చోటు ఎప్పుడూ లేదు. పదమూడో రోజు భోజనాలు కాగానే చుట్టాలు వెళ్లిపోతారు. నలభై ఏళ్లు కలిసి బతికిన తోడు పోయిన మనిషికి ధైర్యంగా ఉండమని చెప్పి మనమూ లేచిపోతాం. మన సంఘ సభ్యులలో అటువంటివారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. అవసరమైనవారికి వైద్యసహాయం అందేలా చూద్దాం. అంతకన్నా ముందు, నెలకోసారైనా వారింటికి వెళ్లి, పోయినవారి పేరు పలికి, వారి కబుర్లు చెప్పించి విందాం. ఎల్విన్ ఆ కొండల్లో చేసిన పని అదే. చెప్పేవారి ఎదుట కూర్చుని, నవ్వకుండా, తొందరపడకుండా విన్నారు. ఆయనకు మనం చేయగల నివాళి కూడా అదే.