సామెతలను పోగుచేసిన గుండర్ట్

బడి ముఖం చూడని పెద్దవాళ్ళకు కూడా ఎన్నో సామెతలు నోటికి వస్తాయి. అటువంటి మాటలకు నిఘంటువులో చోటిచ్చిన ఒక పండితుని జీవితాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం.

హెర్మన్ గుండర్ట్ 1814లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో జన్మించారు. 1836లో మద్రాసు చేరారు. ఓడలో వస్తుండగానే ఆయన తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టారు. కొంతకాలం తిరునల్వేలిలోను, మన చిత్తూరులోను పనిచేశారు. 1838లో చిత్తూరులోనే జూలీ దుబోయిని వివాహమాడారు. ఆ ఏడాదే మంగుళూరు వెళ్ళి బాసెల్ మిషన్‌లో చేరారు. 1839లో ఉత్తర కేరళలోని తలస్సేరిలో స్థిరపడ్డారు.

అక్కడి భాష మలయాళం. ఉత్తరాన మలబారులో వాడే మాట ఒకటి, దక్షిణాన తిరువాన్కూరులో వాడే మాట మరొకటి. చర్చిలో చేసే బోధ, అంగట్లో జరిగే బేరం, రెండూ జనం మాటల్లో ఉంటేనే జనానికి అర్థమవుతాయి. ఈ సంగతిని గుండర్ట్ గ్రహించారు. ఊరాచ్చేరి గురువుల వద్ద మలయాళం, సంస్కృతం అభ్యసించారు. తాళపత్ర గ్రంథాలు సేకరించారు. అంతటితో ఆగక, జనం నోట వినిపించే మాటలను కూడా రాసుకున్నారు.

1850లో ఆయన వెయ్యి మలయాళ సామెతలను పుస్తకంగా వెలువరించారు. అంతకుముందే, జనానికి తెలిసిన సామెతల ఆధారంగా క్రైస్తవ బోధను వివరిస్తూ మరొక చిన్న పుస్తకం రాశారు. కొత్త విషయం చెప్పాలంటే వినేవారికి తెలిసిన మాటతోనే మొదలుపెట్టాలి. అందుకు సామెతకు మించిన సాధనం లేదు. 1847లో ఆయన రాజ్యసమాచారం అనే పత్రికను ప్రారంభించారు. మలయాళంలో అదే తొలి వార్తాపత్రిక.

ఆరోగ్యం చెడిపోవడంతో 1859లో గుండర్ట్ జర్మనీకి తిరిగి వెళ్ళారు. కాని పని మానలేదు. వెంట తీసుకువెళ్ళిన రాతలతో పదమూడేళ్ళు శ్రమించారు. 1872లో మంగుళూరులో ఆయన మలయాళ-ఆంగ్ల నిఘంటువు అచ్చయింది. అందులో వెయ్యికి పైగా పుటలున్నాయి. చాలా పదాల పక్కన ఆ మాట ఏ ప్రాంతంలో వాడతారో సూచించారు. మాప్పిళ్ళ ముస్లిముల వాడుకలకు కూడా అందులో చోటు దొరికింది. అర్థం తేటపడేందుకు అక్కడక్కడా సామెతలను ఉదాహరణలుగా చేర్చారు. ఆయన 1893లో కాల్వ్ పట్టణంలో మరణించారు.

గుండర్ట్ జీవితం మనకు ఏమి తెలుపుతుంది? భాష గ్రంథాల్లోనే లేదు. పొలంలో, సంతలో, ప్రార్థన జరిగే చోట కూడా ఉంది. ఇప్పుడే అక్షరాలు నేర్చుకుంటున్న మీ దగ్గర కూడా ఆ సంపద ఉంది. రాసి ఉంచకపోతే అది పెద్దలతోనే పోతుంది.

అభ్యాసం: మీ ఇంట్లో పెద్దలను అడిగి అయిదు సామెతలు సేకరించండి. ఒక్కొక్కదాన్ని ఏ సందర్భంలో వాడతారో రెండు వాక్యాల్లో రాయండి.