రాకెట్టు లెక్క కట్టిన బడిపంతులు

గుమ్మలక్ష్మీపురం కొండల్లో దూరప్రయాణం కాలినడకన చేసే మనిషి చద్దిమూట కట్టుకుని బయలుదేరతాడు. దారి ఎంత పొడవైతే మూట అంత పెద్దదవుతుంది. మూట బరువెక్కిన కొద్దీ దాన్ని మోయడానికే మరింత తిండి కావాలి. ఆకాశంలోకి పోయే రాకెట్టుకూ ఇదే తిప్పలు. దారిలో ఇంధనం పోసేవారుండరు. పైన గాలి కూడా ఉండదు గనుక ఇంధనాన్ని మండించే ఆక్సిజన్‌ను సైతం నేల మీద నుంచే మోసుకుపోవాలి.

ఈ చిక్కుకు లెక్క కట్టి దారి చూపినవారు రష్యా దేశపు బడిపంతులు కాన్‌స్టాంటిన్ సియోల్కోవ్‌స్కీ.

ఆయన 1857 సెప్టెంబరు 17న ఇజెవ్‌స్కోయే అనే గ్రామంలో జన్మించారు. తండ్రి అటవీశాఖలో ఉద్యోగి. పదేళ్ళ ప్రాయంలో స్కార్లెట్ జ్వరం సోకి వినికిడి చాలావరకు పోయింది. బడి చదువు సాగలేదు. పదమూడో ఏట తల్లి కన్నుమూసింది. పదహారేళ్ళకు తండ్రి మాస్కో పంపగా, అక్కడ గురువు లేకుండా గ్రంథాలయంలో కూర్చుని గణితం, భౌతికశాస్త్రం నేర్చుకున్నారు. ఇంటి నుంచి వచ్చే కొద్దిపాటి డబ్బు పుస్తకాలకే పోయేది. రొట్టెముక్కలతో కడుపు నింపుకునేవారు.

1879లో ఉపాధ్యాయ పరీక్ష ప్యాసై, మరుసటి ఏడు బోరోవ్‌స్క్ పట్టణంలో లెక్కల పంతులుగా చేరారు. 1892లో కలూగా పట్టణానికి బదిలీ అయ్యారు. రేకుతో గొట్టాలు తయారుచేసుకుని చెవి దగ్గర పెట్టుకుని ఎదుటివారి మాటలు వినేవారు. పగలు పాఠాలు, తీరిక దొరికితే రాకెట్టు లెక్కలు.

1897లో తేల్చిన సూత్రాన్ని 1903లో ఒక శాస్త్ర పత్రికలో ప్రకటించారు. దాని సారం ఇది. రాకెట్టు మొత్తం బరువు 100 కిలోలు అనుకుందాం. అది వెనక్కి చిమ్మే వాయువు వేగమెంతో అంత వేగం తాను అందుకోవాలంటే 63 కిలోల ఇంధనం కాలిపోవాలి. దానికి రెట్టింపు వేగానికి 86 కిలోలు, మూడింతలకు 95 కిలోలు కాలాలి. మిగిలేది 5 కిలోలే. భూమి చుట్టూ తిరగాలంటే సెకనుకు దాదాపు 8 కిలోమీటర్ల వేగం అవసరం. మామూలు ఇంధనాల వాయువు వేగం సెకనుకు 3 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. అంటే ఇంధనంలో పెద్ద భాగం ఇంధనాన్ని మోయడానికే ఖర్చవుతుందన్నమాట.

కావడి భుజాన వేసుకుని ఊరికే నిలబడినా అలుపు వస్తుంది. అలాగే రాకెట్టు నిదానంగా లేస్తే భూమి ఆకర్షణను తట్టుకోవడానికే కొంత ఇంధనం వృథా అవుతుంది. ఆ నష్టాన్నీ ఆయన లెక్కించారు.

అందుకు ఉపాయాలూ చెప్పారు. మందుగుండు కన్న ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ మేలన్నారు. వాటి వాయువు మరింత వేగంగా చిమ్ముతుంది. 1929లో రాకెట్టు రైలు గురించి రాశారు. పెట్టెల్లా జతచేసిన రాకెట్లు వంతులవారీగా కాలి, ఖాళీ అయినవి రాలిపోతే మిగిలినదానికి మోత తగ్గుతుంది.

ఇల్లు మాత్రం కష్టాలతోనే గడిచింది. 1902లో కుమారుడు ఇగ్నాతీ ఆత్మహత్య చేసుకున్నాడు. 1908లో ఓకా నది వరద ఇంట్లోకి వచ్చి ఎన్నో కాగితాలను పాడుచేసింది. 1903 నాటి వ్యాసాన్ని ఆనాడు పట్టించుకున్నవారు అరుదు. అయినా కలం ఆపలేదు. 1921లో ప్రభుత్వం పింఛను మంజూరు చేసింది. 1935 సెప్టెంబరు 19న కలూగాలో మరణించారు. తన చేతులతో ఒక్క రాకెట్టునూ ఎగరేయలేదు.

ఆయన శతజయంతి జరిగిన 17 రోజులకే, 1957 అక్టోబరు 4న, రష్యా తొలి ఉపగ్రహం స్పుత్నిక్ ఆకాశానికి ఎగసింది. మన తీరాన శ్రీహరికోట నుంచి 1980 జూలై 18న ఎస్సెల్వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. నాలుగు దశల ఆ రాకెట్టు బరువు 17 టన్నులు, అది మోసిన ఉపగ్రహం బరువు 35 కిలోలు. 2023లో చంద్రయాన్-3ను పంపిన రాకెట్టు పై దశలో కాలినవి ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్‌లే. నూట ఇరవై ఏళ్ళ క్రితం కలూగా పంతులు కాగితం మీద రాసి పెట్టినవీ అవే.