శాసనాలు చదివి ఇంగ్లిష్‌లో రాసిన పంతులుగారు

చిలుకూరు బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేసి వీసా రావాలని మొక్కుకుంటాం. కానీ మనలో చాలామందికి అసలు భయం ఇంటర్వ్యూలో నోరు విప్పి ఇంగ్లిష్ మాట్లాడటమే. ఆ భయం ఉన్నవాళ్లు తెలుసుకోవాల్సిన జీవితం ఒకటుంది. ఆయన ఫొటోకి మనమే ఏటా ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం నాడు దండ వేస్తాం. గిడుగు రామమూర్తి పంతులుగారు!

1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పన్నెండేళ్ల వయసులో తండ్రి పోయారు. విజయనగరంలో మెట్రిక్ పాసయ్యారు. గురజాడ అప్పారావు అక్కడ ఆయనకి సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరారు. జీతం నెలకి ముప్పై రూపాయలు. కాలేజీకి వెళ్లే వీలు లేదు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఎ., తర్వాత బి.ఎ. పాసయ్యారు.

దగ్గర్లోని ముఖలింగం గుళ్లలో శాసనాలున్నాయి. చరిత్ర చెప్పే మాస్టారు వాటిని చదవలేకపోతే ఎలా? సొంత డబ్బుతో పుస్తకాలు కొనుక్కుని పాత లిపి నేర్చుకున్నారు. ఆ శాసనాల్లో దొరికిన గాంగ రాజుల చరిత్ర మీద ఇంగ్లిష్‌లో వ్యాసాలు రాస్తే ‘ఇండియన్ ఆంటిక్వెరీ’ వేసుకుంది. కోచింగ్ లేదు, డిగ్రీ కాలేజీ మెట్లెక్కలేదు. చెప్పడానికి ఒక విషయం ఉంది కాబట్టి, దాన్ని చెప్పడానికి ఇంగ్లిష్ పనికొచ్చింది.

తర్వాత సవరల భాష నేర్చుకున్నారు. పుస్తకాల్లేని భాష అది. ఒక సవరని ఇంట్లో పెట్టుకుని మాట్లాడి మరీ నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడొచ్చింది. చెవితో భాష పట్టిన మనిషికి ఆ చెవే పోయింది. అయినా పని ఆపలేదు. ఆయన ఇంగ్లిష్‌లో రాసిన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది.

స్కూళ్ల ఇన్‌స్పెక్టర్‌గా వచ్చిన యేట్స్ దొరకి ఒక సందేహం వచ్చింది. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాల్లో తెలుగు ఇంకొకటి, ఎందుకలా అని. పంతులుగారికీ అది పట్టుకుంది. ఇంగ్లిష్ పిల్లలు బతికున్న ఇంగ్లిష్‌లో చదువుకుంటుంటే మన పిల్లలకి వందల ఏళ్ల నాటి భాష ఎందుకు? ఆ ప్రశ్నే వ్యావహారిక భాషోద్యమం అయింది. 1940లో కన్నుమూసేదాకా దానికోసమే పోరాడారు. ఈరోజు మన మ్యాగజైన్ ఇలా మాట్లాడే తెలుగులో ఉందంటే అది ఆయన చలవే.

మనమేం చేయొచ్చు? వర్డ్ లిస్ట్ బట్టీ పట్టడం మానేసి, రోజూ ఒక చిన్న పేరా చదువుదాం. గోల్కొండ చరిత్రో, నచ్చిన కథలోని ఒక ముక్కో. పైకి చదివి, పుస్తకం మూసి, అందులో ఏముందో పక్కవాడికి మన ఇంగ్లిష్‌లో చెబుదాం. తప్పులొస్తాయి, రానీ! పంతులుగారు కూడా ముందు ఒక్కో శాసనమే చదివారు.