విక్టోరియా మహారాణి జమాఖర్చులు

ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రముఖుల జీవితం గురించి రాయమని కార్యదర్శిగారు కోరారు. దేశనాయకుల గురించి, మహాత్ముల గురించి రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. సర్వీసంతా ఎకౌంట్సు సెక్షనులో గడిపినవాణ్ణి కనుక నేను విక్టోరియా మహారాణిని ఎన్నుకున్నాను. మన తాతల కాలంలో వెండి రూపాయి మీద ఉన్న బొమ్మ ఆమెదే కదా!

ఆమె 1819 మే 24న లండనులో పుట్టింది. ఎనిమిది నెలల పసిబిడ్డగా ఉండగానే తండ్రి కెంట్ డ్యూకు పోయాడు. ఆయన మిగిల్చినవి అప్పులే. 1837 జూన్ 20న, పద్దెనిమిదేళ్ళ వయసులో ఆమె రాణి అయింది. పార్లమెంటు ఏటా 3,85,000 పౌన్లు మంజూరు చేసింది. అందులో చాలా భాగం కొలువు జీతాలకు, నిర్వహణకు పోగా, సొంత ఖర్చుకు దక్కేది 60,000. ఆ సొమ్ములోంచి ఆమె మొదట చేసిన మంచి పని తండ్రి అప్పులు తీర్చడం. నాకు ఆమె మీద గౌరవం కలిగింది అక్కడే.

1840లో జర్మనీ రాకుమారుడు ఆల్బర్టును పెళ్ళాడింది. ఆయనకు 50,000 పౌన్ల భరణం అడిగితే పార్లమెంటు 30,000కు కోసింది. అయినా ఆ అల్లుడుగారు కొలువుకు చేసిన మేలు ఇంతా అంతా కాదు. అప్పటి రాజభవనం పద్ధతులు వింటే మనం చూసిన ఆఫీసులు ఎంతో మేలనిపిస్తాయి. పొయ్యిలో కట్టెలు పేర్చేది ఒక శాఖ, అంటించేది మరొక శాఖ. కిటికీ అద్దాలు లోపల తుడిచేవారు వేరు, బయట తుడిచేవారు వేరు. ఇద్దరూ ఒకే రోజున తుడిస్తే కదా వెలుతురు! వెలిగించని కొవ్వొత్తులను కూడా రోజూ మార్చేవారు, పాతవి నౌకర్లు అమ్ముకునేవారు. మూడవ జార్జి కాలంలో ఒక గార్డు గదికి మంజూరైన ద్రాక్షసారా ఖర్చు, వారానికి 35 షిల్లింగులు, ఆ అవసరం తీరిపోయాక కూడా బిల్లు పాసవుతూనే ఉంది. ఆల్బర్టు కూర్చుని ఇవన్నీ సరిచేశాడు. ఆ పొదుపు వల్లనే 1845లో వైట్ ద్వీపంలో ఆస్బోర్న్ ఎస్టేటును సొంతంగా కొనగలిగారు. 1842లో ఆదాయపు పన్ను మళ్ళీ వచ్చినప్పుడు రాణి తనంతట తానే కట్టడానికి ఒప్పుకుంది.

1852లో నీల్డ్ అనే పిసినారి వకీలు చనిపోతూ సుమారు రెండున్నర లక్షల పౌన్లు ఆమె పేర రాసిపోయాడు. ఆమె అతని నౌకర్లకు ఏర్పాట్లు చేసి, అతణ్ణి పాతిపెట్టిన చర్చిని బాగుచేయించింది. స్కాట్లండులో బాల్మోరల్ ఎస్టేటు కొన్నదీ ఆ సంవత్సరమే.

1861 డిసెంబరు 14న ఆల్బర్టు మరణించాడు. నలభై రెండేళ్ళకే వితంతువైన రాణి నల్లబట్టలు కట్టి, ఏళ్ళ తరబడి జనానికి కనబడలేదు. ఫైళ్ళు చూస్తూనే ఉండేది కాని ఆ సంగతి వీధిలో వాళ్ళకేం తెలుసు? పని కనబడనప్పుడు జీతం లెక్క అడుగుతారు. 1871లో కుమార్తె కట్నానికి, కుమారుడి భరణానికి పార్లమెంటును అడిగేసరికి గొడవ ముదిరింది. రాణి ఏటా రెండు లక్షల పౌన్లు దాస్తోందని ఒక కరపత్రం వచ్చింది. రాసినవాడు జి.ఓ. ట్రెవెల్యాన్ అని అంటారు. ఆయన తండ్రి చార్లెస్ ట్రెవెల్యాన్ 1859లో మన మద్రాసుకు గవర్నరుగా వచ్చినవాడు. రాజరికమే వద్దనే సభలు జరిగాయి. అంతలో యువరాజుకు టైఫాయిడు వచ్చి, చావు తప్పి బయటపడ్డాడు. 1872 ఫిబ్రవరిలో మొక్కు తీర్చుకోవడానికి తల్లీ కొడుకులు సెయింట్ పాల్స్ చర్చికి వెళ్ళేసరికి జనం మనసు మారిపోయింది. లెక్కలకు దొరకని సమాధానం ఒక జ్వరం చెప్పింది!

ఇక మన పద్దు. గోల్కొండ సీమదని మనం చెప్పుకునే కోహినూరు 1849లో లాహోరు ఒడంబడికతో పదేళ్ళ దిలీప్ సింగు చేతినుండి పోయి, 1850లో రాణికి చేరింది. 186 క్యారట్ల రాయిని 1852లో చెక్కించి 105 చేశారు. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో ఆమెను భారత చక్రవర్తినిగా చాటినప్పుడు బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాల్లో కరువు తాండవిస్తోంది. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది మలమల మాడి చచ్చారు. దర్బారు ఏర్పాట్లు రాణి స్వయంగా చూడలేదు, నిజమే. కాని బిరుదు ఆమెదే, ఆ బిరుదు కోరిందీ ఆమే. తండ్రి బాకీలు తీర్చిన మనిషి ఖాతాలో నేను ఈ పద్దు కొట్టివేయలేను.

1887లో స్వర్ణోత్సవం, 1897లో వజ్రోత్సవం ఘనంగా జరిగాయి. ఆగ్రా నుంచి వచ్చిన మున్షీ అబ్దుల్ కరీం దగ్గర ముసలితనంలో హిందుస్తానీ నేర్చుకుంది. 1901 జనవరి 22న ఆస్బోర్నులోనే, ఎనభై ఒకటో ఏట కన్నుమూసింది. కొడుకు ఏడవ ఎడ్వర్డుకు ఆ ఇంటిమీద మమకారం లేదు. 1902లో దేశానికి ఇచ్చేశాడు. అందులో ఒక భాగాన్ని జబ్బుపడి కోలుకునే సైనికాధికారుల విశ్రాంతి గృహంగా మార్చారు.