ఫిడేలు నాయుడుగారు

ఆంధ్రదేశమున ఫిడేలు అను మాట వినబడినంతనే సంగీతప్రియులకు స్ఫురించు పేరు ద్వారం వేంకటస్వామినాయుడుగారిది. ఊరుపేరులతో పనిలేకయే, ఫిడేలు నాయుడుగారనినంత జనులు వారిని గుర్తించుచుండిరి. వాద్యము పేరు మనుష్యునకు ఇంటిపేరగుట అరుదు. అందును ఆ వాద్యము మన దేశమున పుట్టినది గాక, సముద్రములు దాటి ఇటలీ దేశమునుండి వచ్చినదగుట మఱింత అరుదు. చూపు చాలక బడిచదువు మానిన బాలుడొకడు ఆ పరదేశపు వాద్యమును చేపట్టి, ఒక కళాశాలకు ఆచార్యుడై, ఒక పట్టణమునకు కీర్తి తెచ్చిన విధము అందఱును తెలిసికొనదగినది.

నాయుడుగారు 1893వ సంవత్సరము నవంబరు 8వ తేదీన, దీపావళినాడు, బెంగుళూరులో జన్మించిరి. తండ్రిగారు సైన్యమున ఉద్యోగులు. నాయుడుగారు పెరిగినది మాత్రము విశాఖపట్టణమున. నేడు విశాఖ యనగా ఓడరేవు, ఉక్కు కర్మాగారము కన్నులయెదుట నిలుచును. నాయుడుగారి బాల్యమున ఈ రెండును లేవు. ఓడరేవు 1933లో తెరువబడినది; ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగినది. నాటిది కడలియొడ్డున కచేరీలును, బెస్తపల్లెలును, కొండలును గల చిన్న పట్టణము.

బాలునకు గల లోటు దృష్టిమాంద్యము. నల్లబల్లమీది అక్షరములు కానరానివానికి బడిచదువు ఎట్లు సాగును? చదువు నడుమనే నిలిచిపోయెను. చదువు రాని బిడ్డ యేమై పోవునో యను చింత ఏ యింటనైనను కలుగునదే. అయితే ఆ యింట ఫిడేలు ఉండెను. అన్నగారు ఆ వాద్యము నెఱిగినవారగుటచే తమ్మునకు కమాను పట్టుట నేర్పిరి. వారే నాయుడుగారికి మొదటి గురువులు.

ఈ వాద్యమునందొక విశేషము కలదు. వీణకువలె దీనికి మెట్లు లేవు. వ్రేలు ఎచ్చట నానించినచో స్వరము పలుకునో కన్ను చూచి చెప్పజాలదు, చెవియే చెప్పవలయును. వెండ్రుకవాసి తప్పినను అపస్వరమగును. చూపు చాలని బాలునకు చెవియే కన్నయినది. బడి కాదనిన బిడ్డను ఫిడేలు అక్కున జేర్చుకొన్నది.

ఫిడేలు మన దేశమునకు వచ్చిన చరిత్ర కొంచెము చెప్పుట అవసరము. ఇటలీలోని క్రెమోనా పట్టణమున 16వ శతాబ్దమున ఆండ్రియా అమాటి యను శిల్పి నేటి రూపమున ఫిడేళ్లను నిర్మించెను. అదే పట్టణమువాడైన అంటోనియో స్ట్రాడివేరి 1737లో మరణించెను. అతడు చేసిన వాద్యములకు ఈనాటికిని సాటిలేదని పాశ్చాత్యులు తలంతురు. 19వ శతాబ్దపు తొలినాళ్లలో ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు చెన్నపట్టణమున ఐరోపావారియొద్ద దీనిని అభ్యసించి మన సంగీతమునకు అలవరచిరి. తంజావూరి నాట్యాచార్య సోదరులలో నొకరైన వడివేలునకు తిరువాన్కూరు మహారాజు స్వాతి తిరునాళ్ 1834లో దంతపు ఫిడేలును బహూకరించెను. పాశ్చాత్యులు నిలువబడి గడ్డముక్రింద నదిమి వాయింతురు. మనవారు నేలపై కూర్చుండి, వాద్యపు తలను పాదముమీద నానించి, నాలుగు తీగలను షడ్జ పంచమములకు శ్రుతిచేసి, గమకములు పలుకునట్లు సవరించుకొనిరి.

వాద్యము వచ్చినను దానిని నేర్పు విధము మారలేదు. మన దేశమున సంగీతము గురువుగారి యింట నేర్వవలసిన విద్య. శిష్యుడు నీళ్లు తోడి, సేవచేసి, గురువు మనస్సు కరగినపుడు ఒక కీర్తన పొందెడివాడు. ఆ పద్ధతివలన మహావిద్వాంసులు కలిగిరి, నిజమే. కాని గురువు దొరకనివారి సంగతి, గురువింట నిలువ వీలులేనివారి సంగతి ఎవ్వరును లెక్క కట్టలేదు.

ఇటలీలో వేఱొక మార్గము ఏర్పడెను. నేపుల్స్ నగరమున 16వ శతాబ్దమునుండి అనాథ బాలురకు శరణాలయములు నెలకొనెను. వానిని కన్సర్వటోరియో లనిరి. కాపాడు చోటు అని ఆ మాటకర్థము. తిండి పెట్టి, బట్ట యిచ్చి, బ్రతుకుతెరువునకు సంగీతము నేర్పసాగిరి. అట్టివి నాలుగు వెలసి, ఐరోపా అంతటికిని గాయకులను, వాగ్గేయకారులను పంపినవి. కాలక్రమమున అవి యొక్కటియై 1826లో సాన్ పియెత్రో ఆ మయెల్లా యను మఠభవనమున చేరినవి. వెనిస్ నగరమున అనాథ బాలికల ఆశ్రమమైన పియెతాలో 1703లో వివాల్డి యను పురోహితుడు ఫిడేలు గురువుగా చేరి, ఆ బాలికలు వాయించుటకై ఎన్నియో కృతులు రచించెను. వారి సంగీతము వినుటకు దూరదేశీయులు వెనిస్ చేరుచుండెడివారు. తల్లిదండ్రులు లేని బిడ్డలకు నీడనిచ్చిన యిండ్లు ఆ నగరములకు పేరు తెచ్చినవి. నేడు ప్రపంచమున సంగీత విద్యాలయములకు కన్సర్వటోరియో పేరు వాడుకలో నుండుటకు మూలమిదియే.

ఇట్టి విద్యాలయమొకటి మనకును లభించినది. విజయనగరము 1979వరకు విశాఖపట్టణము జిల్లాలోనిదే. పూసపాటి విజయరామ గజపతిరాజుగారు 1919వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన అచ్చట విజయరామ గానపాఠశాలను స్థాపించిరి. ఆస్థానమువారి యొకరి కుమారుడు అంధుడై సంగీతమునందు ఆసక్తి కలిగియుండగా, ఆ బాలునకు విద్య చెప్పించు తలంపునుండి పాఠశాల పుట్టినదని ప్రసిద్ధి. నేపుల్స్‌లో అనాథలకొఱకు తెరచిన తలుపు విజయనగరమున అంధుడైన బాలునికొఱకు తెరువబడినది. హరికథా పితామహులైన ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులైరి.

పాఠశాల తెరచిన వార్త విని విశాఖనుండి నాయుడుగారు వెళ్లిరి. అప్పటికి వారికి ఇరువదియారేండ్లు నిండలేదు. వెళ్లినది విద్యార్థిగా చేరుటకు. ఆ యువకుని వాదనము వినినపిమ్మట, నేర్చుకొనుటకు కాక నేర్పుటకే తగినవాడని నిశ్చయించి ఫిడేలు ఆచార్యునిగా నియమించిరి. పట్టాలు లేవు, బడి పూర్తిచేసిన కాగితము లేదు, చూపు సరిగా లేదు. చూచినది విద్యను మాత్రమే.

ఇచ్చట ఇటలీలో జరిగిన వేఱొక విషయము స్మరింపదగినది. 1832లో వెర్డి యను పదునెనిమిదేండ్ల యువకుడు మిలాన్ నగరపు సంగీత విద్యాలయమున చేరబోగా, ఈడు మించినదనియు, పియానోపై చేతిపట్టు సరిగా లేదనియు త్రిప్పి పంపిరి. తరువాత అతడు ఆ దేశమునకు అగ్రగణ్యుడైన వాగ్గేయకారుడయ్యెను. ఆ విద్యాలయమే అతని పేరు పెట్టుకొనినది. పెద్దనగరపు విద్యాలయము పొరబడిన చోట మన విజయనగరము పొరబడలేదు.

ఆచార్యులైన పిమ్మట నాయుడుగారి సాధన తగ్గలేదు, ద్విగుణమైనది. పాశ్చాత్య వాదకులు కమానును నడపు తీరును శ్రద్ధగా గమనించి, అందలి మేలును గ్రహించి, రాగభావమునకు భంగము రాకుండ మన బాణీలో కలుపుకొనిరి. నిడివియైన కమానుతో, నిండైన నాదముతో, గాత్రమువలె పలికించుట వారి ప్రత్యేకత. 1936లో నారాయణదాసుగారి తరువాత వారే అధ్యక్షులైరి.

ఆ కాలమున కృష్ణామండలమునుండి ఒక తండ్రిలేని యువకుడు సంగీతము నేర్వవలెనని విజయనగరము చేరెను. చేతిలో పైకము లేదు, కళాశాలకు సెలవులు. నాయుడుగారు కళాశాల ఆవరణలో ఉండుటకు అనుమతి నిచ్చిరి. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆదరించి విద్య చెప్పిరి. ఆ యువకుడు జోలె పట్టి, మధుకరము చేసికొని, ఆ వూరివారు పెట్టిన అన్నము తిని చదివెను. అతడే ఘంటసాల వేంకటేశ్వరరావుగారు. కాపాడు చోటు అను మాటకు ఇంతకన్న వ్యాఖ్యానము వలదు. కళాశాల తలుపు తెరచియుంచినది. వీథులలోని యిల్లాండ్రు అన్నము పెట్టిరి. విద్యాలయమును రాజు స్థాపించును గాని దానిని నిలుపునది ఊరు. నేదునూరి కృష్ణమూర్తిగారు, పి. సుశీలగారు మొదలగువారును ఆ కళాశాలలో చదివినవారే.

నాయుడుగారు అరియక్కుడి రామానుజ అయ్యంగారివంటి మహాగాయకులకు పక్కవాద్యము వాయించిరి. నాటికి కచేరీలలో ఫిడేలు స్థానమదియే. పాట ముందు నడువగా నీడవలె వెంట నడుచుట దాని ధర్మము. మాటలేని వాద్యమును జనులు కచేరీ పొడవునను విందురా యను సంశయము గలదు. 1938లో వేలూరున నాయుడుగారు ఫిడేలునే ప్రధానముగా చేసి కచేరీ చేసిరి. ఆ సంశయము తీరెను. పక్కన కూర్చున్న వాద్యమునకు వేదిక నడుమ పీఠము లభించెను.

మద్రాసు సంగీత అకాడమీ 1941లో వారికి సంగీత కళానిధి బిరుదము నొసగెను. 1952లో ప్రపంచప్రసిద్ధుడైన ఫిడేలు విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ మద్రాసునకు రాగా, ప్రధాన న్యాయమూర్తి పి. వి. రాజమన్నారుగారి యింట నాయుడుగారి వాదనము విని ముగ్ధుడయ్యెను. ఇటలీనుండి వచ్చిన వాద్యము మన చేతులలో ఏమైనదో పాశ్చాత్యులలో అగ్రగణ్యునకే తెలిసినది. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారమును, 1957లో పద్మశ్రీ బిరుదమును లభించినవి. 1964వ సంవత్సరము నవంబరు 25వ తేదీన నాయుడుగారు స్వర్గస్థులైరి. 1993లో శతజయంతినాడు భారత తపాలాశాఖ వారి చిత్రముతో బిళ్లను వెలువరించెను.

తాళపత్రములు పెట్టెలో దాగినంతకాలము చదువు కొందఱిదే. గ్రంథాలయము వెలసిననాడు అది ఊరందఱి సొత్తగును. సంగీతమునకు అట్టి మేలు చేసినది విజయనగరపు కళాశాల. 1919లో తెరచిన ఆ తలుపులు నూఱేండ్లు దాటినను మూయబడలేదు. ఏటేట కొత్త పిల్లలు ఫిడేలు సంచులు చంకనిడుకొని ఆ మెట్లెక్కుచున్నారు. వారిలో ఎవ్వరికి చూపు చాలదో, ఎవ్వరికి పూటకూడు చాలదో మొదటిదినమున తెలిసికొనుట గురువుల పని. నాయుడుగారి స్థానమున కూర్చుండువారికి సంక్రమించిన మొదటి బాధ్యత అదియే.