విజ్ఞాన సర్వస్వ నిర్మాత: కొమర్రాజు లక్ష్మణరావు

జ్ఞానం ప్రజల భాషలో లభించినప్పుడే అది ప్రజల సొత్తు అవుతుంది. ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్లలో తెలుగున కావ్యాలకు, పురాణాలకు, శతకాలకు కొదవ లేదు. కాని చరిత్ర, రసాయనం, జీవశాస్త్రం వంటివి అభ్యసించగోరిన వారికి ఇంగ్లీషే శరణ్యమైంది. ఈ లోటును తీర్చడానికి జీవితాన్ని ధారపోసిన మహనీయుడు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు.

ఆయన 1877 మే 18న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. చిన్ననాటనే తండ్రిని కోల్పోయి, నాగపూరులో ఉన్న అక్క భండారు అచ్చమాంబ ఇంట పెరిగారు. తమ్ముని చదువుతో పాటే తానూ చదువు నేర్చిన అచ్చమాంబ కాలక్రమంలో స్త్రీల చరిత్రలను రచించి ప్రసిద్ధికెక్కారు. లక్ష్మణరావు 1902లో ఎం.ఏ. పట్టం పొందారు. మరాఠీలో వ్యాసాలు రాయగల పాండిత్యం గడించారు. మహారాష్ట్రుల సాహిత్య, చరిత్ర పరిశోధనలను దగ్గరగా గమనించిన ఆయనకు తెలుగులోనూ అటువంటి కృషి జరగాలన్న తపన కలిగింది.

తరువాత ఆయన మునగాల రాజా నాయని వేంకటరంగారావు వద్ద దివానుగా పనిచేశారు. నైజాం రాజ్యంలో తెలుగుకు ఆదరణ కొరవడిన ఆ రోజుల్లో, 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. దాని స్థాపనలో రావిచెట్టు రంగారావు ప్రభృతులతో పాటు లక్ష్మణరావు కృషి ఎన్నదగినది. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకన్ చరిత్ర, చిలుకూరి వీరభద్రరావు రచించిన ఆంధ్రుల చరిత్రము, పలు శాస్త్రగ్రంథాలు ఈ మండలి పక్షాన వెలువడ్డాయి. లక్ష్మణరావు స్వయంగా హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము అనే చరిత్ర గ్రంథాలను రచించారు.

ఆయన కృషికి శిఖరం ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం. సకల విషయాలను అకారాది క్రమంలో వివరించే ఈ గ్రంథానికి ఆయన మద్రాసులో పూనుకున్నారు. విజ్ఞాన సర్వస్వానికి వ్యాసం రాయడం సాధారణ వ్యాసరచన వంటిది కాదు. రచయిత ఇష్టానిష్టాలకు అందులో తావుండదు. ప్రతి అంశానికీ ఆధారం కావాలి. వర్ణక్రమంలో వచ్చిన విషయాన్ని కఠినమని దాటవేయడానికి వీలులేదు. ఒక శాస్త్రపదానికి ఒకచోట వాడిన మాటనే అంతటా వాడాలి. అటువంటి మాటలు అనేకం అప్పటికి తెలుగులో పుట్టనే లేదు.

ఇంగ్లీషు గ్రంథాన్ని అనువదిస్తే శ్రమ తగ్గేది. కాని పరభాషా గ్రంథంలో మన రాజులకు, మన కవులకు, మన పురాతన పట్టణాలకు దక్కే చోటు స్వల్పం. ఒక ప్రాచీన నగరపు వీధిని గురించి నాలుగు మాటలు నిజంగా రాయాలన్నా అక్కడి శాసనాన్ని చదవాలి, కట్టడాన్ని పరిశీలించాలి, జనశ్రుతినీ చరిత్రనూ వేరుపరచాలి. శాసన పరిశోధనలో ఆరితేరిన లక్ష్మణరావుకు ఈ సత్యం బాగా తెలుసు. అందుచేత ఆంధ్రదేశ విషయాలకు ఆయన ప్రత్యేక స్థానం కల్పించారు. మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటి పండితులు ఆయనకు తోడుగా నిలిచారు.

మూడు సంపుటాలు వెలువడినా వర్ణమాలలో తొలి అక్షరమైన అకారాన్ని దాటలేదు. పని కొండంత, ఆయుర్దాయం స్వల్పం. ఉబ్బసం బాధిస్తున్నా కలం విడువని లక్ష్మణరావు 1923 జూలైలో, 46 సంవత్సరాల వయసులో పరమపదించారు.

ఆ తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు ఈ భారాన్ని తలకెత్తుకొని సంపుటాలను తిరిగి వెలువరించారు. 1938లో ఆయన కూడా కీర్తిశేషులయ్యారు. కాలాంతరంలో తెలుగు భాషా సమితి అకారాది క్రమాన్ని విడిచి, విషయాలవారీగా విజ్ఞాన సర్వస్వ సంపుటాలను ప్రచురించింది. పద్ధతి మారినా ఆశయం లక్ష్మణరావుదే.

ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయిన గ్రంథాన్ని వైఫల్యంగా ఎంచరాదు. ఆధునిక శాస్త్రాలన్నిటినీ తెలుగు మోయగలదా అన్న సందేహానికి ఆ మూడు సంపుటాలే సమాధానం. అకారం తరువాతి అక్షరాలను నింపే బాధ్యత తరతరాల తెలుగువారిది.