ఇనుప గదిలో ఇరవై ఒక్కేళ్ళ అరుణ్

మాది బోనకల్. మే నెలలో రేకుల షెడ్డు కింద ఎలా ఉంటుందో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా యుద్ధ ట్యాంకు అనగానే నేను చూసేది గన్ సైజు, ఉక్కు మందం, ఇంజన్ పవర్. ఆ ఉక్కు లోపల ఉడికిపోయే మనుషుల గురించి ఆలోచించింది సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ జీవితం చదివాకే.

అరుణ్ 1950 అక్టోబర్ 14న పుణేలో పుట్టాడు. నాన్న సైన్యంలో ఇంజనీరింగ్ విభాగం ఆఫీసరు. సనావర్‌లోని లారెన్స్ స్కూల్లో, తర్వాత ఎన్‌డీఏలో చదివి 1971 జూన్‌లో పూనా హార్స్ రెజిమెంట్‌లో చేరాడు. ఆర్నెల్లకే యుద్ధం వచ్చింది.

అతని సెంచూరియన్ ట్యాంకు పేరు ఫామగుస్తా. అందులో నలుగురు. డ్రైవర్ ముందు భాగంలో ఒంటరిగా, మిగతా ముగ్గురూ టరెట్‌లో గుండ్ల పక్కన ఇరుక్కుని కూర్చోవాలి. ఇంజన్ మోతలో పక్కవాడి మాట కూడా హెడ్‌ఫోన్‌లోనే వినాలి. గన్ పేలినప్పుడల్లా పొగ ఘాటు. మూతలు వేస్తే పెరిస్కోప్‌లో కనిపించినంతే లోకం. గంటల తరబడి ఆ కుదుపుల్లో నడుము పట్టేస్తుంది, చెవులు హోరెత్తుతాయి, బుర్ర మొద్దుబారుతుంది. వీటన్నిటినీ మించిన భయం నిప్పు. పక్కనే గుండ్లు, వెనక ఇంధనం, బయటపడే దారేమో ఇరుకు.

1971 డిసెంబర్ 16న బసంతర్ నది దగ్గర పోరులో ఆ నిప్పే అంటుకుంది. ట్యాంకు వదిలి రమ్మని ఆర్డర్ వచ్చింది. గన్ ఇంకా పనిచేస్తోందని చెప్పి అరుణ్ రేడియో ఆపేశాడు. బయటివాళ్ళతో అతనికున్న దారం అదొక్కటే. దాన్ని తెంపుకుని పోరాటం కొనసాగించాడు. శత్రువుల ట్యాంకులు నాలుగింటిని అతనే కూల్చాడని సైన్యం రికార్డు. చివరి దెబ్బకు అక్కడే ప్రాణం పోయింది. రేడియో ఆపరేటర్ కూడా బతకలేదు. మిగతా ఇద్దరు బతికారు. అరుణ్‌కు మరణానంతరం పరమవీర చక్ర ఇచ్చారు.

అతని తెగువకు దండం పెడదాం. కానీ అంతటితో ఆగితే ఇంజనీర్లుగా మన వాటా పని ఎగ్గొట్టినట్టే. మన ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో బీఎంపీ-2 సారథ్ వాహనాలు తయారవుతాయి. రేపు మనలో ఎవరైనా అక్కడ డ్రాయింగ్ బోర్డు ముందు కూర్చోవచ్చు. సీటు ఎత్తెంత, గాలి ఎటునుంచి వస్తుంది, నిప్పంటుకుంటే తలుపు ఎన్ని సెకన్లలో తెరుచుకుంటుంది అనేవి ఉక్కు మందం లెక్కంత ముఖ్యమే. లోపల కూర్చునేది మన వయసువాడే.